రేవులో చెప్పుకున్న మాటలు

(గ్రంథాలయ వారోత్సవాల్లో మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

పెద్దలందరికీ నమస్కారం. పిల్లలకి ఆశీస్సులు. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మీరు కూడా రండి బాబూ, ఫ్యాను కింద కూర్చోండి.

పాత రోజుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు నన్ను. పాత రోజులంటే చాలా ఉంటాయి. తిరనాళ్లు, పెళ్లిళ్లు, పడవ ప్రయాణాలు, అన్నీ చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది. అందుకని ఒక్క విషయమే ఎంచుకున్నాను. ఒకరికొకరం చెప్పుకున్న సలహాల గురించి మాట్లాడతాను. స్నేహితురాళ్లు, ఇరుగమ్మలు, పొరుగమ్మలు చెప్పుకున్నవి. పెద్ద పెద్ద సలహాలేమీ కావు. కందిపప్పుకి పురుగు పట్టకుండా ఏం చెయ్యాలి, పిల్లాడికి విరేచనాలు అవుతుంటే ఏం పట్టాలి, తోడల్లుడు అడిగితే హామీ సంతకం పెట్టొచ్చా వద్దా. ఇలాంటివి. మన సంసారాలు నడిచింది వీటి మీదే కదా? కాదంటారా?

మగవాళ్లకి అరుగులు ఉండేవి, రచ్చబండ ఉండేది. ఊళ్లో సంగతులన్నీ అక్కడే తేలేవి. మరి ఆడవాళ్లకి ఏముండేది? రేవు ఉండేది. కాలువ రేవు. పొద్దున్నే బిందె చంకన పెట్టుకుని వెళ్తే, నీళ్లు పట్టుకునేది ఐదు నిమిషాలు, మాటలు అరగంట. ఇంట్లో అత్తగారు "నీళ్లకి వెళ్లిందా, గోదావరికి వెళ్లిందా" అనేవారు. అక్కడున్న పెద్దమ్మగారు నవ్వుతున్నారు చూడండి, ఆవిడా ఆ మాట పడే ఉంటారు.

చిన్నపిల్లలకి ఒక సంగతి చెప్పాలి. కోనసీమలో మా చిన్నప్పుడు కుళాయిలు లేవు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు వచ్చాయి, కాలువలతో పొలాలు పండాయి, ఇదంతా మీ పుస్తకాల్లో ఉంది. పుస్తకాల్లో లేనిది ఏమిటంటే, ఆ కాలువ నీళ్లే మేం తాగాం. పొలానికీ అవే, వంటకీ అవే. వేసవిలో కాలువ కట్టేసేవారు. కట్టేసే ముందు ఊరి మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. మళ్లీ వదిలే దాకా ఆ చెరువే దిక్కు. వానాకాలం వచ్చి గోదావరికి కొత్తనీరు తగిలిందంటే కాలువ మొత్తం ఎర్రబడిపోయేది. బిందె ముంచితే అడుగు కనపడదు. ఆ నీళ్లు ఎలా తాగేవాళ్లం?

ఇండుపు గింజ. చిల్లగింజ అని కూడా అంటారు. ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూశారా, ఎత్తిన చేతులన్నీ జుట్టు నెరిసినవాళ్లవే. గుండ్రంగా, కాస్త బల్లపరుపుగా, బొత్తాం అంత ఉంటుంది. మా అమ్మ దాన్ని తడిపి, కుండ లోపలి గోడకి గుండ్రంగా అరగదీసేది. చెయ్యి లోపలికి పెట్టి, అలా చుట్టూ తిప్పుతూ తిప్పుతూ. తెల్లటి గంధంలా కుండకి అంటేది. తరవాత ఆ కుండలో కాలువ నీళ్లు వడగట్టి పోసేది. రాత్రి పోస్తే తెల్లారేసరికి మట్టంతా అడుక్కి దిగి, పైన నీళ్లు తేటగా ఉండేవి. పైపైన ముంతతో తీసుకోవాలి, కుండ కదపకూడదు. కదిపినవాళ్లకి వీపు మీద పడేది.

అది మంత్రం కాదు. ఆ గింజలో ఉన్న పదార్థం నీళ్లలో తేలే సన్న మట్టి రేణువుల్ని ఒకదానికొకటి అంటుకునేటట్టు చేస్తుంది. అంటుకుని బరువెక్కి కిందకి దిగుతాయి. పటిక చేసే పనీ అదే. ఇవాళ్టికీ నీళ్లు శుద్ధి చేసే చోట పటిక వాడుతున్నారు. అయితే ఒక మాట. నీళ్లు తేటపడ్డాయంటే రోగం పోయిందని కాదు. క్రిములు ఎక్కడికీ పోవు. కాచుకోవాల్సిందే. ఈ రెండో మాట మా అమ్మ తరానికి చెప్పినవాళ్లు లేరు. అందుకే కలరా పేరు చెబితే మా పెద్దవాళ్ల మొహాలు మారిపోయేవి.

సరే, ఇండుపు గింజ మా అమ్మకి ఎవరు చెప్పారు? ఆవిడ పుట్టిల్లు మెట్ట ప్రాంతం. అక్కడ నుయ్యి నీళ్లు. పెళ్లయి ఇక్కడికి వచ్చిన కొత్తలో ఈ ఎర్రనీళ్లు చూసి బెంగపడిపోయిందట. పక్కింటి ఆవిడ కొంగున కట్టుకున్న గింజ తీసి చేతిలో పెట్టి, "ఇది అరగదీసి పొయ్యి, రేపు చూడు" అంది. మర్నాడు రేవులో కనపడగానే మొదటి మాట ఏమిటో తెలుసా? "తేరాయా?" అని అడిగింది. తేరలేదు. "ఎలా అరగదీశావు?" అని అడిగింది. ఈవిడ గింజని నీళ్లలో వేసేసి ఊరుకుంది. అప్పుడు ఆవిడ బిందె గట్టు మీద పెట్టి, మా ఇంటికి వచ్చి, కుండ తీసుకుని, చేసి చూపించి వెళ్లింది.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదేనండి. సలహా చెప్పడం ఎవరైనా చెబుతారు. "తేరాయా?" అని మర్నాడు అడిగేవాళ్లు కావాలి. చెప్పిన మనిషి రేపు కూడా అదే రేవుకి రావాలి. మాట తప్పయితే మొహం చూపించాలి. ఆ భయం ఉండబట్టి, తెలియని విషయం గురించి "నాకు తెలీదే, ఫలానా ఆవిణ్ణి అడుగు" అనేవాళ్లు. ఇప్పుడు పొద్దున్న లేచేసరికి ఫోన్లో పది సలహాలు ఉంటాయి. "ఇది తాగితే షుగరు మాయం", "అది నమిలితే మోకాళ్ల నొప్పులు మాయం". పంపినవాళ్లలో ఒక్కరంటే ఒక్కరు సాయంత్రం ఫోన్ చేసి "తాగారా, ఎలా ఉంది?" అని అడిగారా? మీలో ఎవరినైనా అడిగారా? ఏమండీ, మిమ్మల్ని?

కందిపప్పు మాటకి వద్దాం, లేకపోతే మర్చిపోతాను. ఏడాదికి సరిపడా పప్పు ఇంట్లో నిలవ చేసుకునేవాళ్లం కదా. బాగా ఎండబెట్టి, కొంచెం ఆముదం చేతికి రాసుకుని పప్పుకి పట్టించేవాళ్లు. ఎక్కువ కాదు, పప్పు మెరిస్తే చాలు. ఆముదం పూత ఉంటే పురుగు పెట్టిన గుడ్లు బతకవు, కొత్త గుడ్లు నిలవవు. వండేముందు వేణ్నీళ్లతో కడిగేస్తే సరి. బియ్యంలో అయితే ఎండిన వేపాకు వేసేవాళ్లు. ఇవి ఇప్పటికీ పనికొస్తాయి, పైసా ఖర్చు లేదు. మందు బిళ్లలు బియ్యం డబ్బాలో పడెయ్యకండమ్మా, పిల్లలున్న ఇళ్లు. ఆ బిళ్లల గాలి ప్రాణం తీస్తుంది.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట చెబుతాను. పాత సలహాలన్నీ మంచివి కావు. కొన్ని పిల్లల ప్రాణాలు తీశాయి. నేను టీచరుగా చేరిన కొత్తలో చూశాను. పిల్లకి విరేచనాలు అవుతున్నాయంటే మొదటి మాట "నీళ్లు పట్టకండి, ఇంకా ఎక్కువవుతాయి" అని. లంఖణం పరమౌషధం అని సామెత ఒకటి చేతిలో ఉండేది. పెద్దవాడికి అజీర్తి చేస్తే లంఖణం సరే. పసిపిల్ల ఒంట్లో నీళ్లన్నీ పోతుంటే లంఖణం ఏమిటి? కళ్లు లోపలికి పోయేవి, నాలిక పిడచగట్టుకుపోయేది, ఏడిస్తే కన్నీళ్లు వచ్చేవి కావు. అప్పుడు కూడా గ్లాసుడు నీళ్లు పట్టనిచ్చేవాళ్లు కాదు.

మా రేవులో ఒక పెద్దావిడ ఉండేది. పేరు చెప్పను. అందరూ ఆవిణ్ణే అడిగేవాళ్లు. కానుపు అయితే ఆవిడ, జ్వరం వస్తే ఆవిడ. నీళ్లు పట్టొద్దని చెప్పేవాళ్లలో ఆవిడే ముందు. ఒకసారి ఊళ్లోకి ఆరోగ్య కేంద్రం నర్సమ్మ వచ్చి, ఉప్పు పంచదార నీళ్లు కలిపి, నీరసంగా వేలాడిపోతున్న పిల్లకి చెంచాతో పట్టింది. ఒక్కసారిగా కాదు. చెంచా పట్టడం, కాసేపు ఆగడం, మళ్లీ చెంచా. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ. అలా గంటలు గంటలు కూర్చుంది. ఈ పెద్దావిడ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. సాయంత్రానికి పిల్ల కళ్లు తెరిచి తల్లిని పిలిచింది.

మర్నాడు పొద్దున్న ఏం జరిగిందనుకున్నారు? ఆ పెద్దావిడ రేవులో అందరి ముందూ అంది: "ఇన్నేళ్లూ నేను చెప్పింది తప్పే. ఇక నుంచి నీళ్లు పట్టండి. ఎలా కలపాలో నర్సమ్మని అడిగి వచ్చాను, రండి చెబుతాను." అంత వయసు మనిషి! అంత పేరున్న మనిషి! రేవులో, అందరి ముందూ! నేను కాలేజీలో చదివిన చదువంతా ఒక ఎత్తు, ఆవిడ ఆ మాట అనడం ఒక ఎత్తు. ఆ తరవాత మా ఊళ్లో ఆ పెంకుటిళ్లలో ఎంతమంది పిల్లలు బతికారో ఎవరూ లెక్క రాయలేదు. నాకు తెలుసు, నా బడికి వచ్చారు కాబట్టి.

ఆ కలపడం ఎలాగో రాసుకోండి. పిల్లలూ, మీరు రాసుకోండి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. చెంచా తలగొట్టి కొలవాలి, గుమ్మటంగా కాదు. ఉప్పు ఎక్కువైతే పసివాళ్లకి ప్రమాదం. రుచి చూస్తే మన కన్నీళ్ల కన్నా ఉప్పగా ఉండకూడదు. దొరికితే ఓఆర్‌ఎస్ ప్యాకెట్టే మేలు, ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇస్తారు. తల్లిపాలు ఆపకూడదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు మన దేశానికి వచ్చిన శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగితే, సెలైన్లు అయిపోయి, దిలీప్ మహలనోబిస్ అనే డాక్టరుగారు డ్రమ్ముల్లో ఇలాంటి నీళ్లే కలిపి జనం చేత తాగించారు. చావులు ఎంతో తగ్గాయి. అంత పెద్ద మందు మన వంటింట్లోనే ఉంది. మనకి చెప్పేవాళ్లు కావలసి వచ్చింది, అంతే.

ఇదే వరసలో ఇంకో రెండు. కాలితే ఇంకు పొయ్యడం, పేస్టు రాయడం, కాఫీ పొడి చల్లడం, ఇవన్నీ మానెయ్యండి. కుళాయి కింద ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు పోనివ్వండి. ఐసు పెట్టకండి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం వద్దు. కదలకుండా పడుకోబెట్టి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి, విషానికి విరుగుడు ఇంజక్షను అక్కడ ఉంటుంది. మంత్రగాడి ఇంటికి వెళ్లే ఆ అరగంటే మనిషిని తీసుకుపోతుంది. ఇది చేలల్లోకి వెళ్లే ప్రతివాళ్లకీ చెప్పండి.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. ఆ రోజులు అందరికీ ఒకలాగ లేవు. రేవు అన్నాను కదా, ఒక రేవా? మా రేవు వేరు, పేటవాళ్ల రేవు వేరు. వాళ్లది దిగువన. మా గుడ్డల మురికి కలిసిన నీళ్లు వాళ్ల బిందెల్లోకి వెళ్లేవి. అరుగు మీద కూర్చునేవాళ్లు కొందరు, అరుగు కింద నిలబడేవాళ్లు కొందరు. ఆ రోజుల్లో ఎంత ప్రేమగా ఉండేవాళ్లమో అని మనం అనుకుంటాం చూడండి, కింద నిలబడ్డవాళ్లని కూడా అడగాలి. నా తరగతిలో కూర్చున్న పేట పిల్లల్లో ఒకమ్మాయి ఇప్పుడు నర్సు. మొన్న ఫోన్ చేసి "మేడం, మీకు రేవు అంటే సంతోషం, మా అమ్మకి రేవు అంటే మెట్లు దిగడం, నీళ్లు తెచ్చుకోవడం, ఎవరూ తిట్టకుండా ఇంటికి చేరడం" అంది. ఆ మాట నేను ఇక్కడ చెప్పి తీరాలని అనుకుని వచ్చాను.

ఆడవాళ్ల చాకిరీ సంగతి కూడా అంతే. ఊక పొయ్యి ఊదీ ఊదీ కళ్లు పోయాయి. రుబ్బురోలు దగ్గర నడుములు పోయాయి. గ్యాసు వచ్చిన రోజు మా అత్తగారు పొయ్యికి బొట్టు పెట్టి దండం పెట్టింది. ఎవరైనా కట్టెల పొయ్యి వంట రుచే వేరు అంటే, వండినవాళ్లు ఎవరో కనుక్కోండి ముందు.

మరి ఆ రోజుల్లో నేను తిరిగి కావాలని కోరుకునేది ఏమిటి? మనిషి ఇంకో మనిషి సంగతి పట్టించుకోవడం. అంతే. అప్పు తెచ్చుకున్న గిన్నె ఖాళీగా తిరిగి ఇచ్చేవాళ్లం కాదు గుర్తుందా? కాఫీ పొడి గ్లాసుడు తెచ్చుకుంటే, ఇచ్చేటప్పుడు తలగొట్టి ఇవ్వకూడదు, కాస్త గోపురంగా ఇవ్వాలి. పంచదార లేకపోతే ఆ గిన్నెలో నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి పంపాలి. గిన్నెతో పాటు ఒక కబురు కూడా వెళ్లేది. "మా అమ్మ మీ తమ్ముడికి ఎలా ఉందో అడిగి రమ్మందండి." పిల్లలమే ఆ కబుర్లు మోసేది.

ఉత్తరాలు కూడా అలాగే. కార్డు ముక్క. నాలుగు మూలలా పసుపు ఉంటే పెళ్లి కబురో, కానుపు కబురో. మూల చింపిన కార్డు వస్తే పోస్టుమాన్ గుమ్మం దాకా వచ్చి కూడా పిలవడానికి జంకేవాడు. అది చదివి బయటే చింపేసేవాళ్లు, లోపలికి తెచ్చేవాళ్లు కాదు. చదువు రానివాళ్ల ఉత్తరాలు నేను చదివి పెట్టేదాన్ని, రాసి పెట్టేదాన్ని. "ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాము" అని మొదలు. ఒకావిడ, కూతురు గల్ఫ్‌లో పనికి వెళ్లింది. ఆవిడ చెప్పే ఉత్తరంలో సగం సలహాలే. "అక్కడ ఎండ ఎక్కువట, తలకి నూనె పెట్టుకో. జీతం చేతికి రాగానే ఎవరికీ చెప్పకు. పాస్‌పోర్టు నకలు ఒకటి వేరే దాచుకో." ఈ ఆఖరి మాట ఆవిడకి ఎవరు చెప్పారు? ముందు గల్ఫ్ వెళ్లివచ్చిన ఇంకొకావిడ రేవులో చెప్పింది. కోనసీమ నుంచి ఇన్నివేల మంది ఆడవాళ్లు ఇళ్లల్లో పనికి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లారు కదా, వాళ్లని కాపాడినవి ఏజెంట్లు చెప్పిన మాటలు కావు, ముందు వెళ్లినవాళ్లు చెప్పిన మాటలు.

1996 తుఫాను ఇక్కడ ఉన్నవాళ్లలో సగం మంది చూశారు. నవంబరు 6 రాత్రి. నేను వర్ణించను. మీకూ తెలుసు, నాకూ తెలుసు. తెల్లారి చూస్తే కొబ్బరిచెట్టు నిలబడి లేదు. కరెంటు లేదు, రోడ్డు లేదు, తాగడానికి నీళ్లు లేవు. అప్పుడు మనల్ని బతికించింది ఏమిటి? పడిపోయిన చెట్ల బొండాలు కొట్టుకుని తాగాం. "నుయ్యి నీళ్లు కాచకుండా ముట్టుకోకండి" అని ఒకరు ఇంటింటికీ తిరిగి చెప్పారు. తడిసిన ధాన్యం ఉప్పు చల్లి ఆరబెడితే మొలక రాకుండా కొంతైనా నిలుస్తుందని ఒక రైతు చెప్పాడు. ఆ వారం రోజులు మా వీధిలో పొయ్యి ఒకటే. ఎవరింట్లో ఏముంటే అది తెచ్చి అందులో వేశారు. పైన నేను చెప్పానే, రెండు రేవుల సంగతి, ఆ వారం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. తుఫాను వస్తే గాని గుర్తు రాకుండా పోదా అని నాకు ఇప్పటికీ బాధ.

ఇప్పటి సంగతికి వస్తాను. పిల్లలూ, నిద్ర వస్తోందా? ఇది మీకోసమే.

పార్కులో పొద్దున్నే నడిచే మా జట్టులో ఒకావిడ ఉంది. ఒంటరిగా ఉంటుంది. పిల్లలిద్దరూ అమెరికాలో. ఒకరోజు నడకకి రాలేదు. ఫోన్ చేస్తే బిజీ, బిజీ, బిజీ. మా జట్టులో ఇంకొకావిడకి అనుమానం వచ్చి, నేరుగా ఇంటికి వెళ్లి తలుపు కొట్టింది. తలుపు తియ్యదు! లోపల్నుంచి "తర్వాత రండి" అంటోంది, గొంతు వణుకుతోంది. ఈవిడ కదల్లేదు. "నువ్వు తలుపు తీసేదాకా ఇక్కడే కూర్చుంటా" అంది. చివరికి తీసింది. చూస్తే ఫోన్లో వీడియో కాల్. పోలీసు డ్రెస్సులో ఎవడో కూర్చుని, "నీ పేరు మీద మత్తుమందుల పార్సిలు వచ్చింది, నిన్ను డిజిటల్ అరెస్ట్ చేశాం, గదిలోంచి కదలకూడదు, ఎవరికీ చెప్పకూడదు, బ్యాంకులో డబ్బంతా మేం చెప్పిన ఖాతాకి పంపు" అంటున్నాడు. ఈవిడ ఫోన్ లాక్కుని కట్ చేసింది. డబ్బు ఇంకా వెళ్లలేదు, దేవుడి దయ.

డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో లేదండి. ఏ పోలీసూ, ఏ సీబీఐ వాళ్లూ వీడియో కాల్‌లో అరెస్టు చెయ్యరు. డబ్బు పంపమని అడగరు. ఒకవేళ డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది, డబ్బు దాటిపోకముందే ఆపే అవకాశం ఉంటుంది. ఈ నంబరు ఫోన్లో దాచుకోండి, కాదు కాదు, కాగితం మీద రాసి గోడకి అంటించండి. టెన్షన్‌లో ఫోన్లో వెతుక్కోలేం.

వాడు మొదట ఏమన్నాడో గమనించారా? "ఎవరికీ చెప్పకూడదు." మోసగాడి మొదటి షరతు అదే. ఎందుకంటే ఇంకొకరికి చెబితే వాడి ఆట కట్టు. ఆవిడ చదువుకోలేదా? నా కన్నా ఎక్కువే చదువుకుంది. అడగడానికి పక్కన మనిషి లేదు, అంతే తేడా. తలుపు దగ్గర కదలకుండా కూర్చున్న ఆవిడ ఉంది చూశారా, ఆవిడకి సైబరు నేరాల గురించి ఏమీ తెలీదు. స్నేహితురాలి గొంతు ఎప్పుడు వణుకుతుందో తెలుసు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి హామీ సంతకం సంగతి కూడా చెప్పి తీరాలి. మా నాన్న స్నేహితుడు ఒకాయన అరుగు మీద కూర్చుని ఎప్పుడూ అనేవాడు, "సంతకం పెట్టేముందు ఆ అప్పు నేనే తీర్చగలనా అని చూసుకో. తీర్చగలిగితే పెట్టు, లేకపోతే మొహమాటపడి కాఫీ ఇచ్చి పంపు" అని. అప్పుడు నాకు ఆ మాట కటువుగా అనిపించేది. తరవాత తెలిసింది, చట్టం కూడా అదే చెబుతోంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం హామీదారుడి బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. ముందు వాణ్ణి అడిగి, వాడు కట్టకపోతేనే నన్ను అడగాలి అనుకుంటారు చాలామంది. కాదు. నేరుగా మన దగ్గరికే రావచ్చు. ఉద్యోగస్తులు మరీ జాగ్రత్తగా ఉండాలి. జీతంలోంచి పోతుంది. నా తోటి టీచర్లు ఎంతమంది అలా నలిగిపోయారో.

చిట్టచివరికి ఆవకాయ. ఆవకాయ లేకుండా నన్ను వెళ్లనివ్వరని తెలుసు.

మా స్నేహితురాలి మనవరాలు డాలస్ నుంచి వీడియో కాల్ చేసింది. "అమ్మమ్మా, నీ పుస్తకంలో సోల, గిద్దె అని ఉంది, అవేంటి?" అని. ఆ అమ్మమ్మ చదువుకున్న రోజుల్లో నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఆ పిల్లకి అవి ఎక్కడ దొరుకుతాయి? అమ్మమ్మ ఏమంది? "నీ చేతిలో ఏ కప్పు ఉంటే అదే సోల. ముక్కలు నాలుగు కప్పులు, కారం కప్పు, ఆవపిండి కప్పు, ఉప్పు కప్పుకి కొంచెం వెలితి. నువ్వుల నూనె ముక్క మునిగేదాకా." అంతేనా? అంతే అయితే ఆ పిల్ల ఎక్కడైనా చదువుకునేది. అమ్మమ్మ అడిగింది, "కాయ చూపించు. టెంక పట్టిందా? కోస్తే కత్తికి తగలాలి. లోపల పొర తీశావా? జాడీ తుడిచావా, ఎండలో పెట్టావా? ఎండ లేదా, అయితే ఓవెన్లో కాస్త వేడి చెయ్యి." మూడో రోజు ఆ పిల్ల ఫోన్ చెయ్యలేదు, అమ్మమ్మే చేసింది. "తిరగ కలిపావా? ఉప్పు చూశావా? నూనె పైకి తేలిందా?"

గమనించండి. మూడో రోజు అమ్మమ్మే చేసింది. సముద్రాలు దాటి కూడా రేవు నడుస్తోంది. ఫోన్ తప్పేమీ లేదండి. ఫోన్‌ని నేను ఏమీ అనను. అదే ఫోన్లో మోసగాడూ వస్తాడు, అమ్మమ్మా వస్తుంది.

ఇక్కడి లైబ్రేరియన్‌గారిని నేను ఒకటి అడిగాను, ఆయన ఒప్పుకున్నారు. ఆ బల్ల మీద లావుపాటి నోటుపుస్తకం పెట్టారు చూడండి, నీలం అట్ట. అందులో మీకు తెలిసిన ఒక్కొక్క సలహా రాయండి. పప్పు గురించి రాయండి, పంట గురించి రాయండి, బ్యాంకు గురించి రాయండి. అయితే మూడు సంగతులు ఉండాలి. ఎవరు చెప్పారో రాయాలి, మా మేనత్త అనో, పక్కింటి మామ్మగారు అనో. మీరు చేసి చూశారా లేదా రాయాలి. పనిచెయ్యకపోతే అది కూడా రాయాలి. ఫోన్లో వచ్చినవి వద్దు. మందుల సంగతి రాస్తే కింద నర్సమ్మగారు చూసి సంతకం పెట్టాలి, ఆవిడా ఒప్పుకున్నారు, అదిగో, మూడో వరసలో ఉన్నారు. రాయడం రానివాళ్లకి పదో తరగతి పిల్లలు రాసి పెడతారు. ఏమ్మా, రాస్తారు కదా? నేను ఉత్తరాలు రాసినట్టు.

ఆదివారం పొద్దున్న పది గంటలకి ఆ పుస్తకం చదువుకుందాం. పోయిన వారం ఎవరు ఏ సలహా తీసుకున్నారో, ఏమైందో అక్కడే చెప్పాలి. మొదటి పేజీలో ఇండుపు గింజ నేను రాసేశాను, కాచుకోవాలన్న మాటతో సహా. రెండో పేజీ ఖాళీగా ఉంది. నేను ఆముదం సంగతి చెప్పినప్పుడు నాలుగో వరసలో ఒకాయన అడ్డంగా తల ఊపారు. మీరేనండీ, తెల్ల చొక్కా. మీ ఇంట్లో వేరేలా చేస్తారనుకుంటా. మైకు ఆయనకి ఇవ్వండి బాబూ. చెప్పండి అన్నయ్యగారూ.